ఆయన ఫొటోకి దండ

నవంబరు 10, సోమవారం

ఉపవాసం. దీపం పెట్టి ఇలా కూర్చున్నాను.

ఆయన గుండె ఆపరేషనయి మూడు నెలలు. ఇవాళ నాతో అన్నవి రెండే మాటలు. "మంచినీళ్లు." "చాల్లే." పోర్టులో క్రేన్ మీద కూర్చుని కింద ఉన్న అందర్నీ కేకలేసిన మనిషి...

చెల్లెలి కూతురు నవ్య ఫోన్ చేసింది. స్నేహితులతో కలిసి చిన్న సినిమా తీస్తోంది. మొగుడు పోయిన ఆవిడ మళ్లీ బొమ్మలు వేసుకుంటూ మెల్లగా తేరుకునే కథ. నవ్వు కూడా ఉంటుందట. మా ముందుగది అడిగింది. సరేనన్నాను. ఇంట్లో నలుగురు తిరిగితే ఆయనకీ మంచిదే.

11, మంగళవారం

ఐదుగురే వచ్చారు. నటించే ఆవిడ బళ్లో టీచరు, భీమిలి నుంచి బస్సులో వచ్చింది.

పోయిన మొగుడి ఫొటో తేవడం మరిచిపోయారు. నవ్య గోడ మీద ఉన్న ఆయన ఫొటో వైపు చూసింది. "పెద్దమ్మా..." అని ఊరుకుంది. వద్దమ్మా, అన్నాను.

లోపల్నుంచి ఆయన — "ఏటి వద్దు? ఎయ్యండి దండ. నాను బతికే ఉన్నాను కదేటి!"

మూడు నెలల్లో ఇంత పొడుగు మాట ఇదే. ఎలా కాదనను? వాళ్లు దండ వేస్తుంటే వంటింట్లోకి వెళ్లిపోయాను.

12, బుధవారం

షూటింగ్ అయ్యేదాకా దండ తీయకూడదట. దాని కిందే కూర్చుని ఆయన ఇడ్లీ తిన్నారు. నేను తలెత్తలేదు.

13, గురువారం

రాస్తుంటేనే నవ్వొస్తోంది.

పక్కింటి వరాలు కరివేపాకు కోసం వచ్చింది. ఫొటో చూసింది. గుమ్మంలోనే కూలబడింది. "ఓలమ్మో! అన్న ఎల్లిపోనాడే! మాకొక్క మాటైనా సెప్పనేదేటే!" నేను నోరు తెరిచేలోపు వీధి వీధంతా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఆయన స్నానం చేసి తువ్వాలుతో బయటికొచ్చారు.

"ఏటే వరాలూ, ఎవులు పోనారు?"

వరాలు కెవ్వుమంది. ఆయన నవ్వారు. ఛాతీ మీద చెయ్యి అదుముకుని, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా...

"ఇంత ఏడిసినాను, కాపీ అయినా పొయ్యవే వదినా" అని వరాలు తాగి మరీ వెళ్లింది.

సాయంత్రం దీపం దగ్గర చెప్పుకున్నాను. ఆ నవ్వు నువ్విచ్చిందే స్వామీ. దండని మాత్రం నిజమనుకోకు.

14, శుక్రవారం

నవ్య ఆయనకో సీను పెట్టింది. పోయిన మొగుడు కలలోకి వస్తాడట. మాటలు ఆయనే రాస్తానన్నారు. మందుల కవరు వెనకాల రాయడం, కొట్టేయడం. అన్నానికి పిలిస్తే — "ఉండవే, మాట కుదర్నేదు."

మధ్యాహ్నం నన్నే అడిగారు. "నాను పోయి మల్లీ వచ్చేననుకో. ముందేటడుగుతావు?"

"అలాంటివి నన్నడగొద్దు."

"సినిమాకేనే."

"...అక్కడ మీకు అన్నం ఎవరు పెడుతున్నారని."

వంగి ఆ మాటే కవరు మీద రాసుకున్నారు.

15, శనివారం

ఆయన సీను సగంలో ఉండగా కరెంటు పోయింది, రాలేదు. ఇక సోమవారమే అన్నారు. సోమవారమే డాక్టరు కూడా. పొద్దున సీను, మధ్యాహ్నం ఆసుపత్రి. గుండె ఎంతవరకు కోలుకుందో ఆ రోజే చెబుతారు.

ఫొటోకి దండ వేసి, అదే పూట ఆయన్ని ఆసుపత్రికి ఎలా బయలుదేరదీయను? సీను మానేద్దామా అని అడిగాను. మందుల కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ మౌనం మళ్లీ చూడలేను. వద్దులెండి, చేద్దాం అన్నాను.

16, ఆదివారం

పాత దండ వాడిపోయింది. సోమవారానికి కొత్తది కావాలి, అవే బంతిపూలు. నవ్య వాళ్లు కొనుక్కొస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "బజారుదొద్దు. మీ పెద్దమ్మ కడతాది. దేవుడికి రోజూ కడతన్నాది కదా."

అంటూ నా వైపు చూశారు. అడిగినట్టుగా.

పూలు ముందేసుకుని కూర్చున్నాను. చేతులు వాటంతటవే కడుతున్నాయి. పక్క గదిలో ఆయన మాటలు పైకి చదువుకుంటున్నారు, ఒక్కోసారి ఒక్కో గొంతుతో. ఒక మూర అయింది. ఇంకో మూర కావాలి. రేపు దీన్ని ముందు ఫొటోకి వేస్తానో, ఆయన మెడలో వేస్తానో...