సాదా కాగితం మీద ఇల్లు

బాన్సువాడ,
శుక్రవారం.

నాందేడ్ దవాఖానలో నర్సుగా చేస్తున్న నీలక్కకు తమ్ముడు ప్రకాష్ దండం పెట్టి రాస్తున్నది. అమ్మ, బాపు తిని తిరుగుతున్నారు. నువ్వూ బాగుండాలి. క్షేమం మాట ఇంతవరకే. ఇక అన్యాయం సంగతి విను. నీ జీతంతో మనం కొన్న ఇంటిని, ఆ అమ్మిన శివప్రసాదే ఇంకొకడికి అమ్ముతున్నాడు.

బుధవారం పొద్దున ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి, చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి నడిచి గోడకు టేపు పెట్టించాడు. అమ్మ గిన్నెలు తోముతోంది.

"ఏందన్నా, మా ఇల్లు కొలుస్తున్నరు?" అంది.

"మీ ఇల్లా? కిరాయికి ఉన్నరు దేవీబాయి. వచ్చే నెల ఖాళీ చేయుండ్రి. బిచ్కుంద ఊరి సేటుకు అమ్ముతున్న."

"కిరాయేంది? పైసలన్నీ నీ చేతిల పెట్టలేదా?" అని బాపు లేచాడు.

"అరుస్తవెందుకు లచ్చిరాం? రిజిస్ట్రీ ఉంటే చూపెట్టు, నేనే తాళం నీ కాళ్లకాడ పెట్టి పోత."

బాపు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

పోయిన ఉత్తరంలో నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. మొదటిది, మహారాష్ట్రలో ఆడవాళ్ల పేరున ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీలో ఒక శాతం తగ్గించారని నీ తోటి నర్సు చెప్పింది, మన దగ్గరా ఉందా అని. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగాను. కౌంటర్లో మనిషి తల కూడా ఎత్తకుండా "లేదు" అన్నాడు. అన్నీ కలిపి నూటికి ఏడున్నర. పది ఇళ్లున్నవాడు పదకొండోది కొన్నా ఏడున్నరే. పన్నెండు గంటల డ్యూటీలు చేసి నువ్వు పుట్టి బుద్ధెరిగాక మొదటి గూడు కొనుక్కున్నా ఏడున్నరే. ఇది సమానత్వమట! ఏనుగుకూ చీమకూ ఒకే మూట మోయించి సమానత్వమంటే నేనొప్పుకోను. "మొదటి ఇంటికి సుంకం మాఫీ చేయాలి" అని కరపత్రం రాశాను. ఆ మాట మీద ఈరోజుకీ నిలబడే ఉన్నాను.

రెండోది, దస్తావేజు జిరాక్స్ ఎందుకు పంపలేదని. ఫోన్లో నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమే చెప్తానని ఈ కాగితం పట్టుకున్నాను. జిరాక్స్ లేదక్కా. దస్తావేజే లేదు. "రిజిస్ట్రేషన్ అయింది" అని నీకు రాసింది పచ్చి అబద్ధం.

మన తండాలో భూమి చేతులు మారితే సాదా కాగితం రాసుకోవడం, పెద్దమనుషులు వేలిముద్రలు వేయడం నీకు తెలిసిందే. బాపు ఎకరం అట్లా కొన్నదే. తర్వాత సర్కారు స్టాంపు డ్యూటీ మాఫీ చేసి దానికి పట్టా ఇచ్చింది. అది నేను కరపత్రాల్లోనూ చదివాను. ఇంటికీ అదే వర్తిస్తుందనుకున్నాను. నువ్వు రిజిస్ట్రేషన్‌కని పంపిన పైసలు బాపు తువ్వాల్లో కట్టుకుని బయలుదేరితే, ఆఫీసు గేటు దగ్గర అడ్డం నిలబడింది నేనే. "గూడు కొనుక్కునేటోని దగ్గర సుంకమేంది బాపు? రేపు మాఫీ వస్తది" అని చేతిలోని కరపత్రం చూపించాను.

పక్కనే చెట్టుకింద దస్తావేజులు రాసే బసవయ్య విన్నాడు. "తమ్మీ, గా మాఫీ పొలాలకు, చెల్కలకు. బాన్సువాడల ఇంటికి కాదు. కరపత్రం సగమే చదివినవా ఏంది?" అన్నాడు. కమీషన్ కోసం మొరిగే కుక్కవని అందరి ముందు తిట్టాను. తర్వాత నీ పేరున కాగితం నా చేత్తోనే రాశాను. తండా పెద్దలు ఆరుగురు సాక్షి వేలిముద్రలు వేశారు. శివప్రసాద్ సంతకం చేస్తూ, "నీ అసోంటి పిలగాడు ఇంటికొక్కడుండాలె" అని నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను.

నిన్న మళ్లీ బసవయ్య దగ్గరికి పోయాను.

"కుక్క దగ్గరికి మల్ల వచ్చినవేంది?" అన్నాడు. చేతులు జోడించి శివప్రసాద్ చేసిందంతా చెప్పాను. కాసేపు రాసుకుని, ఆయనే కలం పక్కన పెట్టాడు. "సోమవారం పదిన్నరకు శివప్రసాద్ రిజిస్ట్రీ స్లాట్. ఆఫీసోళ్లు మీ సాదా కాగితం ముట్టరు. లోపటికి పోకముందే సాక్షులను నిలవెట్టి గా సేటుకు సంగతి చెప్పుండ్రి. కొట్లాట ఉన్న ఇల్లని తెలిస్తే ఎవడు కొంటడు? సేటు ఎనకకు పోతే శివప్రసాద్ మీ పేరున సంతకానికి దిగుతడు. కొన్నది మీ అక్క. ఆమె ఉండాలె."

నువ్వు పంపిన పైసలు అమ్మ పెట్టెలో ముట్టకుండా ఉన్నాయి. శివప్రసాద్ దిగొస్తే ఆ ఏడున్నరా కడదాం. అన్యాయమైన సుంకమే, అయినా కడదాం. ఇల్లు మనదయ్యాక మాఫీ కోసం కొట్లాడతాను. ఇల్లే పోతే కరపత్రం ఎక్కడ కూర్చుని రాయాలి?

అమ్మ మన లంబాడీల గోరు మాటల్లో తిట్టాల్సినవన్నీ తిట్టింది. అది తట్టుకున్నాను. బాపు మాత్రం ఒక్కటే అన్నాడు. "సదువుకున్నోనివని నీ మాట ఇన్న బిడ్డా." 

ఆ గేటు దగ్గర బాపును ఆపింది నేనేనని, అదే గేటు ముందు, సేటు వినగా, తండా వినగా చెప్తాను. శివప్రసాద్ మోసం తర్వాత చెప్తాను, నా తప్పు ముందు చెప్తాను. అప్పుడే నా మాట ఎవడైనా నమ్ముతాడు.

ఈ ఉత్తరం రేపు నాందేడ్ పోతున్న మన తండా ప్రసన్న చేతికిస్తున్నాను. సెలవు ఇవ్వకపోయినా బయలుదేరు. ఆధార్ కార్డు తెచ్చుకో. ఆరుగురు సాక్షులూ ట్రాక్టర్ మీద వస్తున్నారు. శివప్రసాద్ వేలు ఆఫీసులోని వేలిముద్రల మిషన్ మీద పడకముందే, సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటు ముందు మనమంతా ఉండాలి.

ఇట్లు,
నీ తిట్లకు తల వంచిన తమ్ముడు,
ప్రకాష్