ఒకటో తారీఖు రాణి, ఆరో తారీఖు రాణి

మౌంట్ ఎర్లీ, పోర్ట్‌లాండ్, జమైకా
8 ఆగస్టు 2022

చెల్లెలు వినెట్‌కు,

అక్క ఐసిల్డా దీవించి వ్రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప. నీ క్షేమం నువ్వు రాయకపోయినా టౌనుకు వెళ్లొచ్చిన వాళ్లు చెబుతూనే ఉన్నారు.

ఈ ఏడు రెండు పండగలూ ఒకే వారంలో పడ్డాయి. ఒకటిన సోమవారం బానిసత్వం పోయిన రోజు, ఆరున శనివారం మన జెండా ఎగిరి అరవై ఏళ్లు. ఒక్క వారంలో రెండు ఖర్చులెందుకు, మీ ఎర్ర, నీలం జట్ల బ్రకిన్స్ ఆట శనివారమే టౌన్లో లారీ స్టేజీ మీద ఆడెయ్యండి అని ఉత్సవ కమిటీ వాళ్లు అన్నారు, నువ్వు సరేనన్నావు. ఎర్రరాణివి కదా, ఎర్రజట్టు మొత్తాన్నీ వెంటేసుకుని పోయావు. నేను ససేమిరా అన్నాను. 1838లో విడుదలైన వాళ్లు ఆగస్టు ఒకటిన రాణికి రాణి ఎదురు నిలిచి చిందేసిన ఆట ఇది. జెండా వచ్చాక సర్కారు ఆ రోజు సెలవు ఎత్తేసింది, 1997 దాకా తిరిగివ్వలేదు. ఆ ఏళ్లలో నాన్న అరటిగెలల పని ఎగ్గొట్టి మరీ ఒకటో తారీఖునే ఆడించాడు. మేస్త్రీ కూలి కోస్తానంటే, కోసుకోవయ్యా, ఇవాళ మాత్రం నేనెవడి కూలీనీ కాను అన్నాడట. ఆ మాట నీకు నేను చెప్పాలా?

నువ్వు లేకపోతే ఆట ఆగుతుందనుకోకు. కొబ్బరిమట్టల పందిరి వేశాం, మేకకూర వండాం. నువ్వు కిందటేడు తొడుక్కున్న ఎర్ర గౌను పెట్టెలో ఉంటే పక్కింటి ఆల్విరాకు తొడిగి ఎర్రరాణిని చేశాం. నడుం వెనక్కి వంచడంలో నా ముందు నిలవలేకపోయింది పాపం. నీలం గెలిచింది. ఊరంతా ఒకటే ఈలలు.

శనివారం మీ సంగతీ విన్నాను. ఎదురుజట్టు లేకుండా మీరొక్కరే కాసేపు ఆడి దిగారట, జనం చప్పట్లు కొట్టారట. కొడతారు, చప్పట్లకేం పోయింది. నీలంరాణి ఏదమ్మా అని ఎవరో అడిగితే, మా అక్కకు మొండితనం ఎక్కువ, మోకాళ్లు తక్కువ అన్నావట. నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది.

ఇట్లు,
నీ అక్క,
నీలంరాణి ఐసిల్డా

తా.క.: గెలిచామని రాసింది అబద్ధం. ఆల్విరా ఆ గౌను ముట్టుకోనేలేదు. ఇది మిస్ వినెట్‌ది, ఆమె బతికుండగా నా ఒంటికెందుకమ్మా, నేను చచ్చినా తొడగను అంది. ఎంతమందిని బతిమాలినా అదే మాట. డప్పులు మోగాయి. నేను నీలం గౌను తొడుక్కుని పందిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఎదురుగా ఎవరూ లేరు. ఎవరి మీద గెలవను? కాసేపు నిలబడి కూర్చున్నాను, డప్పులవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆపేశారు. సెలవు లేని రోజుల్లో నాన్న ఆగనివ్వని ఆట, సెలవు ఉండగా మనిద్దరి పంతానికి ఆగిపోయింది. ఏడుపొచ్చింది వినెట్.

వచ్చే ఏడు ఒకటిన నువ్వు ఇక్కడికి రా, ఆరున నేను అక్కడికి వస్తాను. నన్ను ఆ లారీ ఎక్కించడానికి బలమైన వాళ్లను ఇద్దరిని చూసి పెట్టు.