తెల్ల ఫ్రిజ్‌కి పలకరింపు

క్వోర్న్,
ఆగస్టు 3

మొండిఘటం కోరల్‌కి,

నిన్న మన ప్రయాణాల ఆన్‌లైన్ గ్రూపులో నువ్వు రాసింది తప్పు. కైగూనా దగ్గర మొదలయ్యే ఆ తిన్నని రోడ్డు తొంభై కిలోమీటర్లు కాదే, తొంభై మైళ్లు. అంటే నూట నలభై ఆరు కిలోమీటర్లు, ఒక్క వంపు లేకుండా. ముప్పై ఏళ్లు గొర్రెల షెడ్లలో వంటచేసి, బొచ్చు కత్తిరించేవాళ్లకి రోజుకి నాలుగుసార్లు లెక్క తప్పకుండా వడ్డించినదానివి, మైలుకీ కిలోమీటరుకీ తేడా తెలియదా? ఈ మాట గ్రూపులోనే రాసి నీ పరువు తీసేదాన్ని. కానీ దీని వెనకాల ఇంకోటి చెప్పాలి. అది పన్నెండు వందల మంది చదవడం నాకిష్టం లేదు. అందుకే కాగితం.

కవరు లావు చూసి ఆస్తి రాసిచ్చాననుకోకు. పేజీకి నాలుగు లైన్లే పడుతున్నాయి. లావు మార్కరుతో, గేటు మీద పేరు రాసినట్టు రాస్తున్నాను. అంతకన్నా చిన్నగా రాస్తే నేను రాసింది నాకే కనిపించదు.

ఈ ప్రయాణం తలపెట్టిన పద్దెనిమిది నెలలుగా ఒకరినొకరం ఎన్ని అనుకున్నాం! బండి వెనక తగిలించే నా కారవాన్‌ని చక్రాలున్న బిస్కెట్ డబ్బా అన్నావు. నీ ఉడకబెట్టిన మటన్ వాసనకి ఈమూ పక్షులు దారి మార్చుకుంటాయన్నాను. "టీచరమ్మా, నీ మ్యాపుల్లో విక్టోరియా రాణి ఇంకా బతికే ఉందా?" అన్నావు. ఎక్కడ పెట్రోలు పోయించుకోవాలో, ఎక్కడ పడుకోవాలో, రాష్ట్ర సరిహద్దులో తనిఖీవాళ్లు పళ్లు లాక్కునేలోపు ఎక్కడ తినేయాలో అన్నీ పోట్లాడుకునే తేల్చుకున్నాం. జనం మన తగువు కోసమే గ్రూపులో చేరారని నా అనుమానం.

ఆ రోడ్డు కోసం నేనెందుకు ఇంత పట్టుబట్టానో ఎవరికీ చెప్పలేదు. లయల్‌తో కాపురం చేసిన నలభై ఒక్క ఏళ్లూ స్టీరింగ్ ఆయనదే. నేను ఎడమ సీట్లో, మ్యాపు ఒళ్లో పెట్టుకుని, "ఇప్పుడు కుడికి" అనేదాన్ని. ఎప్పుడైనా నడుపుతానంటే, "నువ్వు నడిపితే నాకు నిద్ర పట్టదు వెర్నా" అనేవాడు, నిద్రపొమ్మని ఎవరో బతిమాలినట్టు. ఆయన పోయాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. ఆ తొంభై మైళ్లు నా చేతులతో నేనే నడపాలి. ఒక్క వంపూ లేని రోడ్డు మీద మ్యాపు చదివేవాళ్లతో పనేముంది?

ఇక అసలు సంగతి. నా కళ్లు పోతున్నాయి. అంచులు బాగానే కనిపిస్తాయి, మధ్యలోనే ఏమీ ఉండదు. డాక్టరు కంట్లోకి సూది వేస్తాడు, "ఇంకా పోకుండా చూద్దాం" అంటాడు. పోయింది వస్తుందా అంటే వచ్చే సూదికి తేదీ రాసిస్తాడు. అంచులు చాలు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ రోడ్డు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది.

నవ్వుకోవడానికి ఒకటి చెబుతాను. మా ఎదురింటి ఐలీన్ పోయిన నెల పాత ఫ్రిజ్‌ని గేటు దగ్గర నిలబెట్టి పోస్టు డబ్బా చేసింది. ఎదురుగా బండి వస్తే స్టీరింగ్ మీంచి వేలెత్తి పలకరించకపోతే మన వైపు మూడు తరాలు చెప్పుకుంటారు కదా? ఆ ఫ్రిజ్‌ని తెల్ల పికప్ బండి అనుకుని మూడు వారాలు వేలెత్తాను. అది తిరిగి పలకరించలేదని కోపం కూడా తెచ్చుకున్నాను.

లైసెన్సు ఇచ్చేశాను. మీరు వెళ్లండి. గ్రూపులో ఏదో ఒకటి నేనే చెప్పుకుంటాను. నువ్వు నోరు తెరవకు.

నీ బిస్కెట్ డబ్బా,
వెర్నా

*

క్వోర్న్,
ఆగస్టు 14

కోరల్,

నీ ఉత్తరం నా మనవరాలి చేత చదివించుకోలేదు. భూతద్దం పెట్టి, అక్షరం తర్వాత అక్షరం, పొద్దున్నంతా నేనే చదువుకున్నాను. నీ చేతిరాత చూస్తే కళ్లున్నవాళ్లకీ కళ్లు పోతాయి.

"ముసలిదానా, ఏడవకు. నా బండిలో రా. కైగూనా దాటాక నేను దిగుతా, నువ్వెక్కు. పక్కన కూర్చుని కుడీ ఎడమా నేను చెబుతా. అరవై దాటకుండా నడుపు. అక్కడెవడు చూస్తాడే, ఈమూలు తప్ప?" అని రాశావు. రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే నవ్వొచ్చింది. ఇన్నాళ్లకి నాకూ ఎడమ సీట్లో ఒకరు దొరికారన్నమాట.

వస్తున్నాను. బుద్ధి లేదనుకో. "కారవాన్ ఇరుసు విరిగింది, కోరల్ బండిలో వస్తున్నా" అని నిన్న గ్రూపులో పెట్టాను. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని, అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. లయల్ తోలు గ్లవ్స్ వెతికి తీశాను. నాకు పెద్దవి. అయినా తెస్తున్నాను.

డ్రైవరు,
వెర్నా

*

క్వోర్న్,
ఆగస్టు 22

నా మంచి కోరల్‌కి,

స్టీరింగ్ వద్దు.

నీకు ఫ్రిజ్ కథ సగమే చెప్పాను. నవ్వొచ్చే సగం. నువ్వు నవ్వుతూ బదులు రాశావు, నేనూ నవ్వుతూ గ్లవ్స్ తీశాను. నిన్న ఐలీన్ గుడ్లు తెచ్చి ఇచ్చింది. ఆవిడ వెళ్లాక గ్లవ్స్ మళ్లీ సొరుగులో పెట్టేశాను.

మూడో వారం అనుకుంటా. పొద్దున ఊళ్లోకి వెళుతున్నాను. కుడివైపు తెల్లగా కనిపించింది. వేలెత్తాను. దాని వైపే చూస్తూ, ఈసారైనా పలకరిస్తాడా అని. అప్పుడు కుక్క మొరిగింది, బాగా దగ్గరగా. బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఆగాక ముందు అద్దంలోంచి చూస్తే ఏమీ కనిపించలేదు. తల పక్కకి తిప్పితే, చూపు అంచులోకి ఐలీన్ వచ్చింది. బండి ముందు, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడి ఉంది. అక్కడికి నడిచి వచ్చిందంతా నా ఎదురుగానే కదా. నేను చూడలేదు.

ఆవిడ నన్ను పలకరిస్తూ వేలెత్తింది! కిటికీ దగ్గరకొచ్చి, "ఏం వెర్నా, కబుర్లకి ఆగావా? గుడ్లు కావాలా?" అంది. నేను అరడజను చాలన్నాను. ఏం చెప్పను కోరల్? కుక్క మొరిగింది కాబట్టి బతికున్నావని చెప్పనా? ఆవిడ వెళ్లాక బండి అక్కడే ఆపేసి, గుడ్లు పట్టుకుని ఇంటికి నడిచి వచ్చాను. లైసెన్సు ఆ వారమే పంపించేశాను. డాక్టరు చెబితే ఇచ్చానని అందరూ అనుకుంటున్నారు, ఐలీన్ కూడా. చెప్పాలని రెండుసార్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్లాను. రెండుసార్లూ టీ తాగి వచ్చాను.

ఎవడు చూస్తాడని అడిగావు. చూడలేనిది నేనే కదా. ఆ రోడ్డు మీద టైరు మార్చుకుంటూ ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ల దగ్గర కుక్క ఉండకపోవచ్చు.

నాకు కోపంగానే ఉంది, నిజం చెబుతున్నా. డాక్టరు మీద, లయల్ మీద, నడపగలిగిన రోజుల్లో మ్యాపు మడతలు సరిచేస్తూ కూర్చున్న నా మీద. ఏం చేసినా ఆ తొంభై మైళ్లు నావి కావు. దీనికి మందు లేదు, నువ్వు కూడా కనిపెట్టకు.

కానీ వస్తాను, ఎడమ సీట్లో. నువ్వు స్టీరింగ్ ఇవ్వబోతే అక్కడే దిగి వెనక్కి నడుస్తాను. ఎదురుగా ఏ బండి వచ్చినా ముందే చెప్పు, వేలు నేనెత్తుతాను. మధ్యలో ఏముందో కూడా చెబుతూ ఉండు. "ఏమీ లేదే, రోడ్డే" అంటావు. పరవాలేదు, అదే చెప్పు. విసుగొచ్చినా నూట నలభై ఆరు కిలోమీటర్లూ చెప్పు.

ఐలీన్‌కి నువ్వొచ్చిన రోజు చెబుతాను. నువ్వు పక్కనుండు, టీ మాత్రం తాగనివ్వకు.

ఇక పని. దారిలో పీటర్‌బరో హార్డ్‌వేర్ షాపులో అర లీటరు ఎర్ర రంగు కొను. ఇనుము మీద పట్టేది, ఎండలో వెలిసిపోనిది. సన్న బ్రష్ ఒకటి, లావుది ఒకటి. ఫ్రిజ్‌కి రంగు వేయడానికి ఐలీన్ ఒప్పుకుంది, ఎందుకని అడగలేదు. ఇకమీద దాన్ని ఎవరూ తెల్ల బండి అనుకోకూడదు. నాలుగు వైపులా వెయ్యి, తలుపు అంచులు వదలకు. బిల్లు పారేయకు, డబ్బా మూత సరిగా పట్టకపోతే తిరిగి ఇవ్వాలి.

నీ
వెర్నా