ఇటుకపొడి రుద్దిన పడవ

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్,
సెప్టెంబరు 22, 1994.

చి.ల.సౌ. జ్యోతిర్మయికి అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, మన క్వార్టరు పైకప్పూ అందరం క్షేమం. భీమిలిలో నువ్వూ అల్లుడూ చల్లగా ఉన్నారని తలుస్తాను. తెలుగు చదవడం నీకు ఆలస్యమని ఈసారి అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. హిందీలో రాయమంటావు, అది నా వల్ల కాదు. కూడబలుక్కునైనా చదువు, మధ్యలో వదిలెయ్యకు.

నువ్వు అడిగిన మొదటి ప్రశ్న, పడవ పని అయిపోయినట్టేనా అని. అయిపోలేదు. పెళ్ళైన కొత్తలో నువ్వు పంపిన ఫొటోలో ఆ ఫైబరు పడవ అద్దంలా ఉంది. ఇప్పుడు చెయ్యి వేస్తే సున్నం గోడలా తెల్లపొడి అంటుతోందని, స్టీలు రాడ్లకు ఎర్రమచ్చలు పడ్డాయని, ఆదివారం షికారుకొచ్చేవాళ్ళు పక్క పడవలు ఎక్కి వెళ్ళిపోతున్నారని రాశావు. అల్లుడు పైడిరాజు ఇసుకలో కూర్చుని దాన్నే చూస్తూ ఉంటున్నాడట. పడవ మానిపించి ఆయనకు బిలాస్‌పూర్‌లో ఏదైనా ఉద్యోగం చూడమన్నావు. ఆ ఉద్యోగం మాట తరవాత చూద్దాం. ముందు పడవ.

ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇరికించావు చూడు, అదీ అసలు సంగతి. కిందటేడు విశ్వకర్మ పూజకు ఇక్కడ చేసినట్టే ఇటుకపొడీ చింతపండూ పట్టించి పడవంతా రుద్దావని, అప్పటినుంచి మరీ వెలవెలబోయిందని, ఆయనకు చెప్పడానికి భయంగా ఉందని. చదివి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఇంజన్ల షెడ్డు పిల్లవి, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది! పూజ నాడు ఇంజను నంబరు పలకలూ, ఆఫీసర్లు తిరిగే సెలూను రైలుపెట్టె పిడులూ ఇటుకపొడితో తళతళలాడటం చూస్తూ పెరిగావు. కానీ అది ఇత్తడికే తల్లీ. ఫైబరు మీద ఇటుకపొడి రుద్దితే సన్నటి గీతలు పడతాయి, ఆ గీతల్లో ఉప్పు చేరుతుంది, ఆపైన ఎండ మాడుస్తుంది. సముద్రం చేసింది సగం, నా కూతురు చేసింది సగం. పాపం అల్లుడు మాత్రం పడవకు కాలం తీరిపోయిందని దిగులు పడుతున్నాడు.

రైలు పెట్టెలు తోమి, రంగులు వేసి బతికినదాన్ని, ఫైబరు సంగతి నాకేం తెలుసు? అందుకని పక్కింటివాళ్ళు పారేసిన ఫైబరు కుర్చీ ఒకటి ఎండకు తెల్లబారి ఉంటే, దాన్ని పట్టుకుని తోర్వా వెళ్ళాను. నీతో చదివిన శివాజీ అక్కడ స్కూటర్లకూ వ్యాన్లకూ రంగులు వేసే దుకాణం పెట్టాడు.

"ఏటి పిన్నీ, కుర్చీ నెత్తినెట్టుకొని వచ్చీసినావు? కూకోడానికి ఇక్కడ జాగా నేదనుకున్నావా?" అన్నాడు.

"కూకోడానికి కాదురా, దీనికి మెరుపు తేవాల. నువ్వు సూపించు, నాను సేస్తాను," అన్నాను.

"అచ్ఛా! ఇది పెయింటు కాదు పిన్నీ. దీని రంగు దీని తోల్లోనే ఉంటాది. పైన తోలు మాడిపోనాది, బస్. అంతమట్టుకు తీసీ. కింద చమక్ అలాగే ఉంటాది."

సగం కుర్చీ వాడి దగ్గర చేశాను. ఆ సగంలో నా ముక్కుపుడక కనిపించింది. రెండో సగం కావాలనే వదిలేశాను, తేడా చూసుకోవడానికి. కాబట్టి ఇప్పుడు రాసేది ఎవరో చెప్పగా విన్నది కాదు, నా చేత్తో చేసింది.

ముందు పడవను నీడలోకి లాగించు. ఎండలో ఈ పని ముట్టుకోవద్దు, రుద్దే మందు ఎండి అట్ట కడుతుంది. మంచినీళ్ళూ సబ్బూ పెట్టి ఉప్పంతా పోయేదాకా కడుగు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా మళ్ళీ గీతలే. ఆరాక అన్నిటికంటే సన్నరకం వాటర్ పేపరు, అదే గరుకు కాగితం, తడిపి, చెయ్యి తేలిగ్గా ఆడించు. నీకు కోపం వచ్చిన రోజున మాత్రం ఈ పని పెట్టుకోకు, నీ చెయ్యి నాకు తెలుసు, పై పొర మొత్తం లేపేస్తావు. ఆ తరవాత రబ్బింగు మందు. చేటంత మేర మాత్రమే రాసి, కాటన్ వేస్టు నూలు ఉండతో గుండ్రంగా రుద్దుతూ, అది మెరిశాకే పక్కకు జరుగు. చివర మైనం పాలిష్ పూసి, తెల్లగా ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచెయ్యి. నీళ్ళు చల్లితే తామరాకు మీద బొట్లలా జారిపోవాలి. మైనం మళ్ళీ మళ్ళీ వేస్తూ ఉండాలి, ఒక్కసారితో సరిపోదు.

ఇత్తడి కొక్కేలకు నీ చింతపండు పెట్టుకో, వద్దనను. కానీ వెంటనే కడిగి తుడువు, లేకపోతే పచ్చగా చిలుము పడుతుంది. స్టీలు రాడ్లను ఇనప పీచుతో తోమకు. ఆ పీచు ముక్కలు ఇరుక్కుని అవే తుప్పు పడతాయి. గుడ్డా, పాలిష్ ముద్దా చాలు. మందులన్నీ డబ్బాలో పెట్టి పంపుతున్నాను. కార్తీకంలో వనభోజనాల జనం వచ్చేసరికి ఆ పడవ చూపు తిప్పుకోనివ్వదు. రాసిపెట్టుకో.

ఇటుకపొడి సంగతి అల్లుడికి నువ్వే చెప్పు. కోప్పడితే పడు. అది విన్నాకే పడవ ముసలిది కాలేదని ఆయనకు తెలుస్తుంది.

ఇప్పుడు ఇంతసేపూ దాచిన మాట. ఉద్యోగం దొరికింది. నీ ఉత్తరం అందిన మర్నాడే వ్యాపార్ విహార్ వెళ్ళాను. అక్కడ లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మేనేజరు శేషగిరిరావు గారు, "మీ అల్లుణ్ణి పంపండమ్మా, సరుకు ఎత్తించే దగ్గర మనిషి కావాలి. దసరా వెళ్ళగానే చేరొచ్చు," అన్నారు. ఇది మొదట్లోనే రాస్తే నువ్వు మిగతా ఉత్తరం చదవవు, పెట్టె సర్దుకుంటావు. అందుకే అడుగున పెట్టాను.

నువ్వు రావాలని నాకు లేదా? ప్రాణం కొట్టుకుంటోంది. మీ నాన్న పోయాక, డ్యూటీ నుంచి ఒక్కదాన్నే వచ్చి తాళం తీసే ఇల్లంటే నాకు విసుగు పుట్టింది. నువ్వు తోర్వాలో కాపురం ఉంటే రోజూ సాయంత్రం వచ్చి నీకు జడ వేసి పోతాను. ఇంత ఆశ ఉంది గనకే నన్ను నేను నమ్మలేకపోతున్నాను.

మీ నాన్నా ఆ ఒడ్డు మనిషే కదా. రైల్వేలో కుదిరి వచ్చేశాడు, సుఖంగానే బతికాం. రైలు పెట్టెలు కడిగే లైనుకు నేను క్యారియరు తీసుకెళ్ళేదాన్ని. పూరీ సముద్రం దగ్గర నుంచి రైలుబండి వచ్చిన రోజున ఆయన పెట్టె ఒంటి మీద అరచెయ్యి రాసి, నాలిక్కి అంటించుకునేవాడు.

"ఏటి మావా ఆ పని?" అని అడిగితే, "ఉప్పు ఉందో నేదో సూస్తన్నాను," అనేవాడు.

వెనక్కి పోదామని ఒక్కనాడూ అనలేదు. కానీ ఆ బండి కడిగే డ్యూటీ మాత్రం ఎవరికీ వదిలేవాడు కాదు.

అందుకని నా మాట విను. పడవ తయారై నీళ్ళలోకి దిగి, జనాన్ని ఎక్కించుకుని ఒక్క తిరుగుడు తిరిగి వచ్చేదాకా అల్లుడితో ఈ ఉద్యోగం మాట ఎత్తకు. కళ తప్పిన పడవ పక్కన కూర్చున్న మనిషిని అడిగితే ఎక్కడికైనా వస్తానంటాడు. ఆ ఒప్పుకోలు మనకు వద్దు. మెరిసే పడవ మీంచి దిగి వచ్చాక అడుగు. అప్పుడూ వస్తానంటే, స్టేషనుకు నేనే వచ్చి మీ పెట్టెలు మోస్తాను. రానంటే ఒక పూట ఏడ్చి ఊరుకుంటాను.

మన జవాబు కోసం దసరా దాకా ఆగమని శేషగిరిరావు గారికి చెప్పాను. నా మనసుకూ అదే చెప్పుకున్నాను, ఆయన విన్నంత తేలిగ్గా అది వినలేదు.

ఇట్లు,
మీ ఇద్దరికీ అమ్మనైన
అప్పయమ్మ