పటాలం మడ్డికి అవ్వ మార్కులు

నారాయణపేట
20-8-1993

చిరంజీవి మనుమడు రామచంద్రానికి అవ్వ బక్కమ్మ దీవించి రాసేది.

నీ పెయ్యి, పాణం మంచిగున్నయా? నీ పెండ్లాం నడుంనొప్పి తగ్గిందా? పిల్లకు పండ్లొచ్చినయా? ఇంటి ఓనరమ్మ హనీఫా బేగం దమ్ము, ఆయాసం ఎట్లున్నది? ఈడ నా మోకాళ్లు తప్ప అందరం నడుస్తున్నం.

పటాలం డిపోలల్ల లారీ ఇంజన్లు కడిగిన విషపు మడ్డి ఎవరు తగ్గించిన్రో చూసి మార్కులేస్తున్న అన్నవు. పెద్ద డిపో ఏడాదిల సగం తగ్గించిందట, మొదటి బహుమతి దానికేనట. ఈ రిపోర్టు బాగుంటేనే నీ నౌకరి పక్కా అయితదట. గందుకే నాకు ఫికర్ పట్టింది. నిరుడు నూలుకు రంగులద్దే మన గండయ్య గూడ రంగునీళ్లు సగమే పారబోసిండు, నూలు సగమే అద్దిండు గనక. ఆ డిపోల పనున్నదా? పటాలపోళ్లు పస్తులుంటున్నరేమో, జర అరుసుకో.

నీ అవ్వ

మరిచిన మాట: వాళ్లకోసం పల్లికాయ పంపుతున్న. నువ్వు తినకు.

హైదరాబాదు
2-9-1993

అవ్వకు దండాలు.

అందరం మంచిగున్నం. పటాలంల పని లేకున్నా తిండికి తక్కువ లేదు. కానీ నీ మాట విని రిజిస్టర్ తీసి చూసిన. నిరుడు నాలుగు వందల లారీలు కడిగిన్రు, ఈ యేడు నూటా ఎనభయ్యే. తగ్గింది మడ్డి కాదు, పని. ఇంకో చిన్న డిపో ఉన్నది, దాంట్ల మడ్డి నిరుటంతే, లారీలు మాత్రం రెండింతలు. ఆడి మేస్త్రీ లతీఫ్ భాయ్ ఇంజన్లు కడిగిన నూనెనే వడగట్టి మళ్లా వాడుతున్నడు. రిపోర్టు మార్చి రాసిన. మా పెద్దాఫీసరు కర్నల్ సాబ్ చదివి, "ఇది నీకెవరు చెప్పిన్రు?" అని గద్దించిండు. నీ పేరు చెప్పిన.

రామచంద్రం

తా.క.: పల్లికాయలు సాబే తిన్నడు.

నారాయణపేట
9-9-1993

రామచంద్రానికి దీవెనలు.

నా పేరెందుకు చెప్పినవురా? పటాలం గుట్టు బయటపెట్టిందని నన్ను జీపుల ఎక్కించుకపోతరని పక్కింటి ఉప్పలమ్మ అంటున్నది. రెండు చీరలు, మోకాళ్ల నూనె మూట కట్టిన. అంతా గండయ్యనే చెప్పిండని రాయి.

నీ అవ్వ

మరిచిన మాట: ఈ సంగతి గండయ్యకు తెల్వనియ్యకు.

హైదరాబాదు
28-9-1993

అవ్వకు దండాలు.

మూట విప్పు. చిన్న డిపోకే మొదటి బహుమతి వచ్చింది. నా నౌకరి పక్కా అయింది. ఇంకమీద ఏ డిపో అయినా లారీకి ఇంత మడ్డి అని లెక్క చూపాలె. సాబ్ ఎందుకు గద్దించిండో ఇప్పుడు తెలిసింది. నిరుటిదాక ఆ పెద్ద డిపోకు పెద్ద ఆయననే. అయినా సంతకం పెట్టిండు. వచ్చే నెల పదిహేనున నీ దగ్గరికి వస్తనంటున్నడు, తన పాత డిపోను ఎట్ల బాగుచేయాల్నో అడగనీకె.

రామచంద్రం

నారాయణపేట
4-10-1993

రామచంద్రానికి దీవెనలు.

పదిహేను నాడు ఎంగిలిపూల బతుకమ్మ, నాకు తీరదు. సాబును రిజిస్టర్ పట్టుకొని రమ్మను. చూసినంకనే మార్కులేస్త.

నీ అవ్వ

మరిచిన మాట: పదిహేడు, ఐతారం నాడు రమ్మను. పొద్దుగాలనే.