ఇన్‌వర్డ్ నంబరు 212

జూలై 7, మంగళవారం
తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఆఫీసు గుమ్మంలో నిలబడి నసుగుతుంటే టీసీ కోసమేమోనని విసుక్కున్నాను. ప్రిన్సిపాల్ మేడమ్‌కట, మడిచిన కాగితం. ఆఫీసుకొచ్చే ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నంబరు వేసి విషయం రాయాలి కాబట్టి చదివాను. కంప్యూటర్ ల్యాబ్ సార్ తలుపు మూసి తనతో ఎలా ప్రవర్తించాడో ఆరు లైన్లలో రాసింది. ఒక్క కొట్టివేత లేదు. ముద్ర కొట్టి 212 వేశాను.

అదే రోజు, మూడింటికి
నంబరెందుకు వేశావని మేడమ్ గదమాయించారు. పదకొండేళ్లుగా పెళ్లి శుభలేఖలకి కూడా వేస్తున్నాను, అప్పుడు అడగలేదేం? సార్‌కి ఇద్దరు పిల్లలట. ఈ పిల్లకి నోరెక్కువట. విషయం మీద వైట్‌నర్ పూసి, సెక్షన్ మార్పు కోరుతూ అని రాయమన్నారు.
రాశాను.

జూలై 9
సర్క్యులర్ టైప్ చేశాను. ఆడపిల్లలు ల్యాబ్‌కి ఒంటరిగా వెళ్లకూడదు. జుట్టు విరబోసుకోకూడదు. మెట్ల మీద నిలబడి నవ్వకూడదు. సార్లు ఏం చేయకూడదో ఒక్క లైనూ లేదు. ల్యాబ్ సార్ టీ గ్లాసుతో వచ్చి, అందులో ఒక స్పెల్లింగ్ తప్పు చూపించాడు. ఒళ్లు మండింది. దిద్దాను కూడా, సిగ్గులేనిదాన్ని.

జూలై 10
పిల్లని బి సెక్షన్‌కి మార్చారు. సార్ ఎక్కడివాడక్కడే.

జూలై 13
అక్కకి ఫోన్ చేస్తే, నెలాఖరుకి కాంట్రాక్ట్ రెన్యువల్ పెట్టుకుని నీకెందుకే ఈ గొడవ అంది. నిజమే. కానీ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఊరికే ఆ పేజీ తీయడం, వైట్‌నర్‌ని గోరుతో గీకడం.

జూలై 15, పన్నెండు
పిల్ల వాళ్లమ్మ వచ్చింది. బస్ కండక్టర్, యూనిఫాంలోనే వచ్చేసింది. మీ అమ్మాయి అడిగింది సెక్షన్ మార్పేనని మేడమ్ రిజిస్టర్ చూపించారు. దాన్ని మోసుకెళ్లింది నేనే.
ఆవిడ టికెట్ల సంచిలోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. నంబరు 212, ల్యాబ్ సార్‌పై ఫిర్యాదు. కాగితం ఇచ్చిన ప్రతివాళ్లకీ రసీదు చింపి ఇస్తాను. ఆ పిల్లకీ ఇచ్చాను. అలవాటున ఇచ్చి మర్చిపోయాను.
పిల్లే రాసుకుని ఉంటుందన్నారు మేడమ్. ఈ రాత ఎవరిదని ఆవిడ నన్నడిగింది.
నాదేనన్నాను. వైట్‌నర్ కూడా నాదేనన్నాను. ఆవిడ చీటీ సంచిలో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరింది.

జూలై 16
ఇన్‌వర్డ్ 219. పంపినవారు: ఆఫీసు క్లర్క్. విషయం: ల్యాబ్ సార్‌పై, ప్రిన్సిపాల్‌పై, నాపై ఫిర్యాదు. ముద్ర కొట్టాను. రసీదు చింపి నాకు నేనే ఇచ్చుకున్నాను.