అమ్మేసిన డిస్కులు

సుజాతక్కకు నీ తమ్ముడు గంగాధర్ దండాలు పెట్టి రాస్తున్నాను. నువ్వు, అవ్వ, శ్రీజ ఎట్లున్నారు? అవ్వ మోకాళ్ల నొప్పికి కంఠేశ్వర్ డాక్టరు ఇచ్చిన గోలీలు పని చేస్తున్నాయా? నేను ఇక్కడ తింటున్నాను, పనికి పోతున్నాను, జ్వరం గిరం ఏమీ లేదు. మంచిగున్నానని మాత్రం రాయను. ఆ మాట ఫోన్లో నీతో వందసార్లు అన్నాను, వందసార్లూ అబద్ధమే.

ఫోనుండగా కాగితమెందుకని అడుగుతావు. ఫోన్లో నువ్వు "తమ్మీ" అనగానే నా నోరు దానంతటదే "అయితదక్కా, వచ్చే వారం అయితది" అంటుంది. నోటికి పట్టిన జబ్బు అది. అందుకే రాస్తున్నాను. నా రూములో ఉండే మోర్తాడ్ ఊరి లింబాద్రన్న సెలవు మీద ఇంటికొస్తున్నాడు. బోధన్ దాకా వచ్చి ఇది నీ చేతికే ఇస్తానన్నాడు. కూర్చుని చదువు. శ్రీజతో చదివించకు.

ఈ ఎడారి దేశంలో ఎండ సంగతి చెప్పే పని లేదు, బయట అడుగు పెడితే పొయ్యి ముందు కూర్చున్నట్టే. నేను తుడిచే షాపింగ్ మాలు లోపలేమో చలి. ఈ రెండింటి మధ్య రోజుకు పదిసార్లు తిరిగి గొంతు పట్టుకుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు, అవ్వకు చెప్పకు. అన్నం, పప్పు, కోడిగుడ్డు, మళ్లీ అన్నం, పప్పు. నువ్వు కట్టిచ్చిన ఎల్లిగడ్డ కారం ఎప్పుడో అయిపోయింది. సీసా కడగబుద్ధి కాలేదు, అట్లనే ఉంది. వీలైతే లింబాద్రన్న తిరిగొచ్చేటప్పుడు ఇంత కారం పంపు. పంపకపోయినా ఏమీ అనుకోను. ఈ కాగితం చదివినంక పంపబుద్ధి కాకపోవచ్చు.

రెండో అంతస్తులో వీడియో ఆటలు అమ్మే దుకాణం ఒకటుంది. అద్దాల వెనక పెట్టెలు వరుసగా పేర్చి ఉంటాయి. దాని ముందు తుడిచేటప్పుడు నేను తల ఎత్తను. మొన్న అక్కడి చెత్తబుట్టలో ఒక కొత్త పెట్టె దొరికింది. తెరిచి చూస్తే లోపల డిస్కు లేదు, పెట్టేందుకు గుంత కూడా లేదు. చిన్న చీటీ, దాని మీద ఒక నంబరు. పెట్టె కొన్నాయన నంబరు కొట్టుకుని, పెట్టెను చెత్తలో వేసి పోయాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. సూపర్‌వైజరు అరిచేదాకా అక్కడే నిలబడ్డాను.

బావ పెట్టెలు గుర్తొచ్చాయి అక్కా. పిల్లలు గంటకింతని ఇచ్చి ఆడుకునే మన దుకాణానికి నిజామాబాద్ నుంచి ఒక్కొక్కటి తెచ్చి, ఒక్కోదాని వీపు మీద స్కెచ్చు పెన్నుతో ఆట పేరు రాసేవాడు. మన గల్లీలో ఎవరైనా తమ డిస్కు ఒకటి మన దగ్గర పెట్టి, మనది ఒకటి ఇంటికి పట్టుకుపోవచ్చని రివాజు పెట్టింది ఆయనే. గీతలు పడితే, పాత డిస్కులు కొని అమ్మే యూసుఫ్ భాయ్ అరగదీసి బాగుచేసి ఇచ్చేవాడు. ఒకటి చెడితే ఒకటే చెడేది. మిగతావి నడిచేవి. బావ పోయినంక నీ అత్తగారోళ్లు తమ ఊరు వర్నికి వచ్చి తమ దగ్గరే ఉండమన్నారు. "దుకాణం ఉండంగ నేనెవల మీద పడి తింట?" అన్నావు నువ్వు. ఆ డిస్కుల మీద నిలబడే అన్నావు.

వాటిని అమ్మించింది నేను. దుమ్ము పడుతుందని, గీతలని, దొంగతనాలని, ఇప్పుడు లోకమంతా డౌన్‌లోడే అని నిన్ను సతాయించాను. దుకాణంలోని ఐదు మిషన్లకూ ఒకటే అకౌంటు సరిపోతుందన్నాను. గీకితే నంబరు వచ్చే కార్డులు తెచ్చి, నంబరు కొట్టి, కార్డులు పారేసి, ఆటలన్నీ అందులో ఎక్కించాను. డిస్కులు కొనుక్కునే ముందు యూసుఫ్ భాయ్ నన్ను పక్కకు పిలిచి, "అరే గంగాధర్, చేతిలున్న సామాను ఇచ్చి తెర మీద బొమ్మ తీస్కుంటున్నవ్. ఒకసారి సోచాయించుకో బేటా" అన్నాడు. "నీ గిరాకీ పోతదని నీ బాధ భాయ్" అన్నాను. ఆ ముసలాయన నవ్వి డిస్కులు లెక్కబెట్టుకున్నాడు. నువ్వేమో పెట్టెల మీద బావ రాతను చేత్తో ఒకసారి తడిమి, "నీకు తెల్సినట్టు చెయ్యి తమ్మీ" అన్నావు. ఏమీ తెలియనోడికి ఆ మాట అన్నావు.

ఇప్పుడు నీకు తెలియని సంగతి చెప్తాను. కరెంటు వచ్చి పోయి మిషన్లు ఆగినప్పుడు మెకానిక్కు అన్నీ మొదటి నుంచి పెట్టమన్నాడు కదా. అప్పుడు అకౌంటు ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ నా పాత సిమ్ముకు పోతుంది. ఆ సిమ్ము నా దగ్గర లేదు. ఇక్కడికొచ్చినంక, ఇక్కడి సిమ్ము ఉండగా ఇంటి సిమ్ముకు రీచార్జి దండగ అనుకుని వదిలేశాను, ఇక్కడ అందరూ చేసేదే. నెలలు గడిచినంక సిమ్ము కంపెనీ నా ఫోను నంబరు వేరేవాళ్లకు ఇచ్చేసింది.

నా నంబరుకే నేను ఫోను చేశాను. ఒక ముసలామె ఎత్తింది.

"ఎవలు?"

"అవ్వా, ఈ నంబరు ముందుగాల నాది."

"నీదెట్లయితది? నా కొడుకు వేల్పూర్ల కొనుక్కొచ్చిండు."

"సరే, నీదే అవ్వా. ఇప్పుడు నీ ఫోనుకు ఆరంకెల నంబరొస్తది. అది జర సదివి చెప్పు, నీ కాళ్లు మొక్కుత."

"ఆగాగు! గట్లనే నంబరడిగి మా పక్కింటోళ్ల పసుపు అమ్మిన పైసలు మొత్తం ఊడ్సుకపోయిండ్రు. అన్నం తింటున్నవా, గడ్డి తింటున్నవా? సిగ్గులేదురా నీకు?"

పెట్టేసింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఆమెను ఏమనాలి? ఎవరడిగినా ఓటీపీ చెప్పొద్దని మన అవ్వకు నేర్పింది నేనే కదా.

వేల్పూర్ ఎంత దూరమని నువ్వంటావు, నాకు తెలుసు. పొమ్మంటే ఆ దినమే బస్సెక్కి పోయేదానివి. ఆమె ఇంటి గడపలో కూర్చుని, మాట కలిపి, ఆ నంబరు తెచ్చేదానివి. కానీ నిన్ను పొమ్మనాలంటే సిమ్ము నేను పోగొట్టానని చెప్పాలి. అది చెప్పే ధైర్యం లేక, ఆటల కంపెనీవాళ్లదే ఏదో గడబిడ, వాళ్లే బాగుచేస్తున్నారని నీకు చెప్పాను. నీకు చెప్పకుండానే బాగుచేద్దామనుకుని కంపెనీకి దరఖాస్తు పెట్టాను.

లింబాద్రన్న ఇక్కడికి రాకముందు మండలాఫీసు ముందు కూర్చుని దరఖాస్తులు రాసేవాడు. "ముందుగాల కష్టం రాయాలె తమ్మీ. కష్టం సదివితేనే ఆఫీసరుకు మనసు కరుగుతది" అన్నాడు. సరేనని రాశాము. అయ్యా, మా బావ చనిపోయాడు, మా అక్క ఈ ఆటల దుకాణం మీదనే బిడ్డ శ్రీజను సాకుతున్నది, ఐదు మిషన్లు ఆగిపోయి ఆమె బతుకు ఆగిపోయింది, దయచూడండి అని. ఫోన్లో ఇంగ్లీషులోకి మార్చాము. సాక్ష్యం ఉండాలని దుకాణం పాత ఫోటో కూడా పెట్టాము. ఐదు టీవీలు, ముందు కూర్చుని ఆడేవాళ్లు, గోడకు దండ వేసిన బావ. పంపినంక లింబాద్రన్న చేతులు దులుపుకుని, పని అయిపోయినట్టే అన్నాడు. ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాము.

మూడో దినం జవాబొచ్చింది. మీరు ఆటలు కొనలేదు, ఆడుకునే అనుమతి మాత్రమే తీసుకున్నారు, అది ఇంట్లో ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి, మీరు దుకాణం నడుపుతున్నట్టు మీరే రాశారు, కాబట్టి అకౌంటును శాశ్వతంగా మూసేశాము, ఇక మీద ఈ విషయం మీద జవాబు ఇవ్వము. ఇంతే. కింద పేరు కూడా లేదు. ఎవరి కాళ్లు పట్టుకోవాలో కూడా తెలియదు.

అప్పటిదాకా తాళం మాత్రమే పడింది అక్కా. తాళంచెవి వేల్పూర్‌లో ఉంది. నా దరఖాస్తుతో ఇల్లే పోయింది. లింబాద్రన్న రెండు దినాలు నా వంతు వంట కూడా తానే చేశాడు. ఆయనను ఏమీ అనకు. గుమ్మంలోకి వచ్చినప్పుడు చాయ్ తాగించు. మన దగ్గర పనికొచ్చే ఉపాయమే ఆయన చేశాడు. మన దగ్గర దరఖాస్తును మనిషి చదువుతాడు.

కొన్నాను, కొన్నాను అని ఇన్నేండ్లు చెప్పుకుని తిరిగాను. అమ్మబోతే అమ్మలేను, అరువు ఇవ్వబోతే ఇవ్వలేను, నీ పేరు మీద రాయబోతే రాయలేను. అదేం కొనడం? ఒప్పుకుంటున్నాను అన్న బొత్తాం నొక్కమంటే నొక్కాను. ఒక్క ముక్క చదవలేదు. చదివితే అర్థమయ్యేదని కూడా కాదు. నా తెలివి మండ.

ఆటలు రావు అక్కా. వచ్చే వారం రావు, దసరాకు రావు, ఎప్పటికీ రావు. ఇది మూడు నెలల కిందనే నాకు తెలుసు. తెలిసీ వారం వారం నీకు అయితదని చెప్పాను. చెప్పి ఫోను పెట్టేసి, మాలులో బాత్రూములు కడుగుతూ ఏడ్చేవాణ్ణి. ఏడుపు నీకు ఏం పనికొస్తుంది?

మొన్న అవ్వ ఫోన్లో ఒక మాట చెప్పింది. ఆడపిల్లల హాస్టల్లో వంట పనికి అక్కడి మేడమ్ నిన్ను రెండుసార్లు పిలిచిందట. ఈ నెలాఖరుకు చెప్పకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటానందట. నువ్వేమో, "మా తమ్ముడు వారంల అయితదన్నడు, గప్పటిదాంక జర ఆగుండ్రి మేడమ్" అన్నావట. అది విన్నంక ఫోను పెట్టి పెన్ను పట్టాను. అందుకే ఈ కాగితం.

అవ్వకు నా దండాలు చెప్పు. యూసుఫ్ భాయ్‌కి సలామ్ చెప్పు, ఆయన అన్నదే అయిందని కూడా చెప్పు. శ్రీజను మంచిగ చదువుకోమను. దీవించమని నిన్ను అడిగే మొహం నాకు లేదు. తిట్టు అక్కా, నోరారా తిట్టు. బావ డిస్కులు అమ్మిననాడు కూడా నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు.

ఈ కాగితం అందిన దినమే హాస్టలుకు పోయి పనికి ఒప్పుకో. ఆదివారం నేను ఫోను చేస్తాను. ఆటల సంగతేమైంది తమ్మీ అని నువ్వు అడిగితే నేను మళ్లీ అయితదనే అంటాను. నమ్మకు.

నీ తమ్ముడు
గంగాధర్